ఎడమ చేతి ఉంగరపు వేలు

మహారాష్ట్రలోని భామ్రాగడ్ దగ్గర ఇంద్రావతి, పాముల గౌతమి, పర్లకోట కలుస్తాయి. వానాకాలంలో వంతెన మునిగితే బయటి దారి తెగిపోతుంది. జ్వరాలు ముసిరేదీ ఆ రోజుల్లోనే. అందుకే ఈ అడవి పల్లెల్లో వేలికి సూది గుచ్చడమంటే చాలాకాలం మలేరియా పరీక్షే. షుగర్ పరీక్ష తర్వాతెప్పుడో వచ్చింది.

మలేరియాకూ దోమకూ ఉన్న ముడి బయటపడింది తెలుగు నేల మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ పరాన్నజీవిని చూశాడు. ఆ దోమకు నెత్తురిచ్చిన రోగి హుసేన్ ఖాన్. ఒక్కో దోమ కాటుకు అణా చొప్పున పుచ్చుకుని ఒళ్లప్పగించాడు. రాస్ పేరున్న ప్రతి పాఠంలోనూ ఆయన పేరుండాలి.

1953లో దేశంలో మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. సిబ్బంది ఇంటింటికీ తిరిగి, జ్వరమున్నవాళ్ల ఎడమ చేతి ఉంగరపు వేలు గుచ్చి గాజుపలక మీద నెత్తురు పూసేవారు. పసిబిడ్డలకైతే కాలి బొటనవేలు. వాళ్ల చేతిలో ఉండేది హాగెడార్న్ సూది: నిటారుగా, మొన దగ్గర కోసే అంచుతో ఉంటుంది. స్పిరిట్ దూదితో తుడిచి అదే సూదిని మరొకరికి వాడేవారు. ఎంత లోతు దిగుతుందన్నది గుచ్చేవారి చేతిని బట్టే ఉండేది. పిల్లవాడు వేలు లాక్కున్నాడా, గాటు మరింత పెద్దదయ్యేది.

భామ్రాగడ్ పక్కనే ఉన్న హేమల్‌కసలో 1973 డిసెంబరు 23న బాబా ఆమ్టే లోక్ బిరాదరీ ప్రకల్ప్ ప్రారంభించారు. అక్కడ వైద్యం చేసిన ప్రకాశ్, మందాకిని ఆమ్టే దంపతులు ముందు అక్కడి ఆదివాసుల మాడియా భాష నేర్చుకున్నారు. మాట తెలియని మనిషికి ఎవరు వేలందిస్తారు?

చేతి అంచనాతో పనిలేకుండా స్ప్రింగుతో గుచ్చే పరికరం కూడా కొత్తదేమీ కాదు. 18వ శతాబ్దపు ఐరోపా వైద్యులు రక్తనాళం కోసి నెత్తురు తీయడానికి అలాంటిదే వాడారు. 1978లో, షుగర్ రోగులు ఇంట్లో తామే నెత్తురు పరీక్షించుకోవచ్చని చూపిన బ్రిటన్ వైద్యుల వ్యాసాలు వచ్చాయి. అవి వచ్చిన పత్రిక పేరు, విచిత్రంగా, 'ది లాన్సెట్'. లాన్సెట్ అంటే గుచ్చే పరికరమే. అప్పటి నుంచి స్ప్రింగు లాన్సెట్ పెన్ను ఇళ్లలోకి చేరింది. ఆ తర్వాతి పెన్నులకు లోతు అంకెలూ వచ్చాయి.

ఈ అంకెలే అసలు మేలు. చర్మం పల్చనైతే చిన్న అంకె, కాయకష్టంతో గట్టిపడ్డ వేలికి పెద్దది. గోరువెచ్చని నీళ్లతో చేతులు కడిగి, తుడిచి, కాసేపు చెయ్యి కిందికి వేలాడదీస్తే నెత్తురు దిగుతుంది. వేలి కొసన నడిమధ్య కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. చుక్క కోసం గట్టిగా పిండకూడదు, కండలోని నీరు కలిసి లెక్క తప్పుతుంది. రోజూ ఒకే వేలిని హింసించకుండా మార్చుకోవాలి.

అయితే స్ప్రింగు పెన్ను వచ్చినంత మాత్రాన, ఒకరి నెత్తురు మరొకరికి అంటే పాత ప్రమాదం పోలేదు. ఫ్రాన్సులో ఒక ఆసుపత్రిలో హెపటైటిస్-బి వ్యాపించింది. రోగికీ రోగికీ మధ్య పరికరంలో వేలికి ఆనే భాగాన్ని మార్చకపోవడమే కారణమని 1990లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించింది. ఇంట్లో తల్లికీ కొడుకుకీ షుగర్ ఉంటే పెన్నులు రెండుండాలి.

మళ్లీ మలేరియా సంగతికొస్తే, కాళేశ్వరానికి ఎదురుగా, ప్రాణహిత ఒడ్డున ఉంది సిరొంచ. అక్కడి తెలుగు ఇళ్లలోనైనా, భామ్రాగడ్ మాడియా ఇళ్లలోనైనా జ్వరమొస్తే ఆశా కార్యకర్త తెరిచే మలేరియా కిట్‌లో ఇప్పుడు ఒక్కో పరీక్షకు ఒక్కో కొత్త లాన్సెట్ ఉంటుంది. గుచ్చాక దాన్ని తుడవరు, పారేస్తారు.