దూదూ ఎన్‌డియాయ్ రోజ్

దూదూ ఎన్‌డియాయ్ రోజ్ (1930–2015) పశ్చిమ ఆఫ్రికా దేశమైన సెనెగల్‌కు చెందిన సబార్ డోలు విద్వాంసుడు. రాజధాని డకార్‌లో, తరతరాలుగా పాటలనూ వంశగాథలనూ కాపాడుకొస్తున్న గ్రియో కుటుంబంలో పుట్టారు. డోలు వద్దన్న తండ్రి మాట వినలేదు. ప్లంబర్‌గా పనిచేస్తూనే సాధన సాగించారు.

సబార్‌ను కొయ్య తొలిచి, మేకతోలు బిగించి చేస్తారు. ఒక చేతిలో సన్నటి పుల్ల, రెండోది వట్టి చెయ్యి. పుల్ల ఠంగుమంటే అరచెయ్యి గుమ్మంటుంది. పదుల కొద్దీ వాద్యకారులను చేతి సైగతోనే నడిపించడం రోజ్ ఘనత.

మగవాళ్ల సొత్తుగా ఉన్న డోలును కూతుళ్లకూ కోడళ్లకూ నేర్పి ‘లే రోజెట్’ బృందాన్ని కట్టడం ఆయన చేసిన గొప్ప సాహసం. గోరే ద్వీపంలో రికార్డు చేసిన ‘జబోత్’ ప్రసిద్ధ ఆల్బమ్. 2006లో యునెస్కో ఆయనను ‘సజీవ మానవ నిధి’గా గుర్తించింది.