బారూద్‌కి తగ్గ చింగారీ

కార్తూసుల తారీఖ్‌లో నాకు నచ్చిన కిస్సా ఇది. రెండో ప్రపంచ జంగ్ ముగిశాక అమెరికాలో 20 మిల్లీమీటర్ల తోపుల బారూద్ గుట్టలుగా మిగిలింది. బ్రూస్ హాడ్జ్‌డన్ దాన్ని కొని, సొంతంగా కార్తూసులు నింపుకునే షికారీలకు 4831 పేరుతో సస్తాగా అమ్మాడు. అది ఆహిస్తా మండే రకం, పెద్ద మాగ్నమ్ రైఫిళ్ళకు బాగా కుదిరింది.

1953లో రాయ్ వెదర్‌బీ .378 మాగ్నమ్ తెచ్చాడు. అందులో పట్టే బారూద్ 100 గ్రెయిన్లు దాటింది, అంటే ఆరున్నర గ్రాముల పైమాటే. అంత కుప్పను అంటించడానికి మామూలు ప్రైమర్ చింగారీ చాల్లేదు. అందుకే ఫెడరల్ కంపెనీ 215 అనే తేజ్ ప్రైమర్ తయారుచేసింది.

అలాగని తేజ్ ప్రైమర్ అన్నిట్లో పెట్టేస్తే లోపలి దబావ్ పెరిగి జాన్‌కే ఖత్రా. ప్రైమర్ మారిస్తే బారూద్ తూకం మళ్ళీ తక్కువ నుంచి మొదలుపెట్టాలని ఉస్తాదులు జోర్ ఇచ్చి చెప్పేది ఇందుకే.