పలకల గుట్టలో చిన్న పింజరి

మార్కాపురం దాటి తర్లుపాడు దారిలో మీరు బండి దిగేసరికి రాత్రి ఎనిమిదయింది. సాయంత్రం పడిన జల్లుకు నేల చెమ్మగిల్లింది గానీ రాళ్లలోంచి పగటి వేడి ఇంకా వస్తూనే ఉంది. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, దాని వెనక పలకల ముక్కల గుట్ట. దేశంలో ఎన్ని ఊళ్ల పిల్లలో అక్షరాలు దిద్దిన పలకలు ఈ నేలలోంచి వెళ్లినవే. కోతలో విరిగినవి, పనికిరానివి ఇలా ఊరి చుట్టూ గుట్టలై మిగిలాయి. రాయి మీద రాయి, మధ్యలో వేలు దూరేంత సందు. తేలు, బల్లి, ఎలుక పిల్ల అన్నీ అందులోనే. వాటిని తినేదీ అందులోనే.

షెడ్డు ముందు పదిహేను మంది దాకా గుమిగూడారు. సగం మంది చేతుల్లో సెల్‌ఫోన్లు, ఇద్దరి చేతుల్లో కర్రలు. మీతో వచ్చిన మనిషిని ఇక్కడ అందరూ అన్నా అనే పిలుస్తారు. తలకు లైటు కట్టుకున్నాడు, కాళ్లకు మోకాళ్ల దాకా బూట్లు. సంచీలోంచి ఇంకా ఏమీ తీయలేదు.

"సూసినోళ్లు ఎవరు?"

"నేనేన్నా. పలక ఎత్తబోతే కిందుంది. పెద్దదేం కాదులే, జానెడుంది."

"జానెడుదే అయితే ఇంకో పది అడుగులు ఎనక్కి జరగండి అందరూ. కర్రలు కింద పెట్టండి మామా. దాన్ని కొట్టబోతే కాటు పడొచ్చు."

జనం వెనక్కి జరిగేదాకా అతను అడుగు వేయడు. చూసినవాడి టార్చి మాత్రం ఆ రాయి మీదే ఉండాలి. కళ్లు తిప్పుకుంటే పాము ఏ సందులోకి దూరిందో మళ్లీ కనిపెట్టడం కష్టం. మీకూ ఒక పని చెప్పాడు. "నా కుడి పక్కన, ఒకడుగు ఎనక నిలబడండి. లైటు పాము మీదుండాల, నా చేతి మీద కాదు."

పొడవాటి ఇనుప కొక్కెంతో పై రాయిని తనవైపుకు లేపుతాడు. ఆ రాయి అతనికీ పాముకీ మధ్య అడ్డుగా నిలుస్తుంది. అటువైపుకు లేపితే తెరుచుకునేది తన కాళ్ల వైపే. పాము కంటే ముందు మీకు వినిపించేది చప్పుడు, కాలిన పెనం మీద నీళ్లు చల్లినట్టు. అది నోటితో చేసే బుస కాదు. ఒంటి పక్కల పొలుసులకు రంపపు పళ్ల లాంటి గరుకు ఉంటుంది. చుట్టలు ఒకదానికొకటి ఎదురుగా జరుగుతూ రాపాడితే ఆ చప్పుడు పుడుతుంది.

ఇప్పుడు కనిపిస్తోంది. మట్టి రంగు ఒళ్లు, పక్కన అలలు అలలుగా తెల్లటి గీత, తల మీద పిట్ట అడుగు లాంటి తెల్ల గుర్తు. మొహానికి మించిన పెద్ద కళ్లు, నిలువు చీలికగా కనుపాప. చిన్న పింజరి. దేశంలో ఎక్కువ మంది ప్రాణాలు తీసే నాలుగు పాముల్లో అన్నిటికంటే చిన్నది. మిగతా మూడూ నాగు, కట్లపాము, రక్తపింజరి. ఇది పారిపోదు, మధ్యలో తల పెట్టుకుని చుట్టలు తిప్పుతూనే ఉంది. ఉన్నట్టుండి తల ముందుకు వచ్చి కొక్కెం మీద టిక్కుమని తగిలి వెనక్కి పోయింది. మీ కన్ను ఆ రాకను పట్టుకోలేకపోయింది.

వెనక నుంచి ఎవరో కుర్రాడు అడిగాడు: "అన్నా, ఒక్కసారి తోక పట్టి ఎత్తన్నా, ఈడియో తీసుకుంటాం."

అతను వినిపించుకోలేదు. వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బాను రాతి మీద పడుకోబెట్టి, కర్రతో దాని మూతిని పాము వైపు నెట్టాడు. ఈ డబ్బాకు గాలి కోసం వేసిన రంధ్రాలు లోపలి నుంచి బయటకు పొడిచినవి, పాము ఒంటికి గీసుకోకుండా. కొక్కెం పాము నడుము కిందికి పోయింది. లేపలేదు, తోసింది అంతే. చీకటిగా ఉన్న డబ్బాలోకి పాము తనంతట తనే తల పెట్టింది. ఇంకో కొక్కెంతో డబ్బాను నిలబెట్టి, మూతను పొడవాటి పట్టకారుతో పైన పెట్టి, పాము కదలడం ఆగాక అప్పుడు చేత్తో బిగించాడు. మూత మీద రాసి ఉంచిన చీటీ: విషపాము. మూత పైన పడేదాకా అతని చేయి పాముకు మీటరు లోపలికి పోలేదు. కుర్రాడికి కావలసిన వీడియో దొరకలేదు. అసలు చూడవలసింది జరిగిపోయింది.

పామును చేత్తో ఆడించేవాడిని చూసి చప్పట్లు కొట్టే అలవాటు మనం మానుకోవాలి. కేరళలో వేల పాములు పట్టిన వావా సురేష్‌ను 2022 జనవరి చివర్లో కొట్టాయం దగ్గర నాగు తొడ మీద కాటేసింది, దాన్ని సంచిలో వేస్తుండగా. ఆసుపత్రిలో రోజుల తరబడి పోరాడి బతికారు. అదే రాష్ట్రంలో అటవీశాఖ 2020 నుంచి పాములు పట్టేవాళ్లకు శిక్షణ ఇచ్చి, ధ్రువపత్రం ఇచ్చి, సర్ప అనే యాప్‌లో వాళ్ల నంబర్లు పెట్టింది. నల్లమల అంచున ఉన్న మన మండలాలకు అలాంటి ఏర్పాటు ఎంత అవసరమో ఈ గుట్ట ముందు నిలబడితే తెలుస్తుంది.

ఈ పింజరికి దాయాదులు ఆఫ్రికాలో ఉన్నారు. శ్రీలంక నుంచి పశ్చిమాఫ్రికా దాకా ఎండిన నేలల్లో ఈ జాతులు విస్తరించాయి. నైజీరియా, ఘనా పొలాల్లో పాముకాటు చావుల్లో పెద్ద వాటా అక్కడి పింజరిదే. భారతదేశపు పాముల విషంతో చేసిన మందును ఘనాలో వాడితే అది ఆ పాముకు పనిచేయలేదు. ఒక ప్రాంతంలో కాటుకు గురైనవారిలో మరణాలు 1.8 శాతం నుంచి 12.1 శాతానికి పెరిగాయని 2008లో వచ్చిన పరిశోధనాపత్రం చెప్పింది. మన మందుకు విషం ఎక్కువగా అందించేది 1978లో మొదలైన ఇరుళ్ల సహకార సంఘం, చెన్నై దగ్గర వడనెమ్మేలిలో. అక్కడి ఇరుళ్లు పట్టిన పాము నుంచి కొన్నిసార్లు విషం తీసి, తిరిగి వదిలేస్తారు. వాళ్ల పనితనం మీద దేశమంతా బతుకుతోంది. కానీ పాము ఒకటే అయినా ప్రాంతాన్ని బట్టి విషం మారుతుంది గనుక, మార్కాపురం రాళ్లలోని పామునూ లెక్కలోకి తీసుకున్న మందు కావాలని మనం అడగాలి.

విషం చోటును బట్టి మారినా పట్టే జాగ్రత్త మారదు. 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు ఓడలెక్కిన తెలుగు కూలీల మునిమనుమలు దర్బన్ చుట్టుపక్కల ఉన్నారు. ఆ వైపు ఇళ్ల పైకప్పుల్లోకి మూడు మీటర్ల బ్లాక్ మాంబా వస్తుంది, పెరట్లోకి విషం చిమ్మే నాగు వస్తుంది. ఆ నాగు రెండు మీటర్ల అవతలి నుంచి కళ్లలోకి కొట్టగలదు గనుక కళ్లద్దాలు లేకుండా తెలిసినవాడెవడూ దాని ముందుకు పోడు. మాంబాకు పొడవాటి పట్టకారు, నాగుకు కళ్లద్దాలు, ఇక్కడ జానెడు పింజరికి ప్లాస్టిక్ డబ్బా. కోరకూ చేతికీ మధ్య దూరం మాత్రం అంతటా ఉండాల్సిందే.

షెడ్డు ముందు గుంపులోంచి ఒకాయన ముందుకు వచ్చి కుడి చేయి లైటు కింద పెట్టాడు. మధ్య వేలు సగం దగ్గరే ఆగిపోయింది. ఇదే రాళ్లలో, ఇలాంటి జానెడు పామే. తాడుతో మణికట్టు బిగించి కట్టారు, పసరు వేశారు, తెల్లారి ఆసుపత్రికి పోయారు. కట్టు కింద నెత్తురు ఆగి వేలు నల్లబడింది. పింజరి విషం నెత్తురు గడ్డకట్టే గుణాన్ని తినేస్తుంది. అందుకే ఆసుపత్రిలో శుభ్రమైన పొడి గాజు గొట్టంలో కొంచెం నెత్తురు తీసి 20 నిమిషాలు కదపకుండా పెడతారు. గొట్టం వంచినప్పుడు ఇంకా నీళ్లలా జారితే, మందు వెంటనే మొదలుపెట్టాలి. కట్టవద్దు, కోయవద్దు, కుట్టిన చేయో కాలో కదపవద్దు, 108కి చెప్పాలి. ఇంత చిన్న మాట ఇంకా చాలామందికి చేరలేదు. 2000 నుంచి 2019 దాకా దేశంలో ఏడాదికి సగటున 58 వేల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్క తేల్చింది. చావులు ఎక్కువున్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి.

డబ్బా బండికి కట్టకముందే ఫోన్ మోగింది. గిద్దలూరు అవతల, దిగువమెట్ట వైపు ఒక ఊరు. ఆ చుట్టుపక్కల పట్టేవాడు ఊళ్లో లేడట.

"ఎట్లుంది? నల్లగా, తెల్ల కట్లున్నాయా?... ఆ గదిలోంచి అందరూ బయటికి రండి. తలుపు మూసి, కింద సందులో గుడ్డ కుక్కండి. నేనొచ్చేదాకా ఎవరూ లోపలికి పోవద్దు."

పింజరిని ముందు గుట్ట వెనక కంపల్లో, షెడ్డుకూ దారికీ ఎడంగా వదిలి, కంభం మీదుగా వెళ్తారు. చీకట్లో చెరువు కనిపించదు, తడి గాలి మాత్రం మొహాన కొడుతుంది. గిద్దలూరు దాటాక ఎడమా కుడీ నల్లమల చీకటి.

ఆ ఇంటి ముందు ఆరుగురు అరుగు మీద కూర్చుని ఉన్నారు. అతను తలుపు వైపు చూడలేదు. వరసగా ఒక్కొక్కరి ముందు గొంతుకు కూర్చుని కళ్లలోకి లైటు వేశాడు. "పైకి చూడు నాయనా. రెప్పలు బరువుగా ఉన్నాయా? అవ్వా, గుటక మింగు. కడుపులో నొప్పేమన్నా?" కట్లపాము రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలో కుడుతుంది. వాపు ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. కడుపునొప్పి అని తెల్లారేదాకా ఆగితే, రెప్పలు వాలి, మింగుడుపడక, చివరికి ఊపిరి కండరాలు ఆగిపోతాయి. అప్పుడు మందుతో పాటు వెంటిలేటర్ కావాలి. అరుగు మీది ఆరుగురూ బాగున్నారు. అయినా ఒక మాట గట్టిగా చెప్పాడు: "తెల్లారేలోపల ఎవరికి ఏం తేడా అనిపించినా నాకు ఫోన్ చేయొద్దు. 108కి చేయండి."

లోపల బియ్యం మూటల వెనక పాము ఉంది. ఈసారి కొక్కెం కాదు. చేయి పొడవు ప్లాస్టిక్ పైపు, దాని చివర బిగించి కట్టిన గుడ్డ సంచి. పైపు నోరు గోడ మూలన, పాము పోయే దారిలో పెట్టాడు. మూటలను ఒక్కొక్కటిగా పట్టకారుతో లాగుతుంటే పాము గోడ వెంబడి జారింది. చీకటి కన్నం కనిపించింది. నల్లటి ఒంటి మీద సన్నటి తెల్ల కట్లు ఒకదాని వెనక ఒకటి పైపులోకి పోవడం మీరు లెక్కపెట్టగలిగేంత నెమ్మదిగా జరిగింది. తోక మాయమయ్యాక అర నిమిషం ఆగి, సంచిని మెలిపెట్టి, ముడివేసి, మూతున్న పెట్టెలో పెట్టాడు. సంచిని చేతికి వేలాడదీసుకుని నడవకూడదు, కోరలు గుడ్డలోంచి దిగుతాయి.

గొడవ ఆ తర్వాత మొదలైంది.

"దీన్ని అడవిలో వదిలెయ్యి సామీ, మల్లా రాకుండా, లోపలికి."

"లోపలంటే యాడ పెద్దాయనా?"

"నల్లమల లేదా అంత?"

అతను కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత నిదానంగా చెప్పాడు. ఆ అడవిలో చెంచు గూడేలున్నాయి. అక్కడ పిల్లలు కూడా నేల మీదే పడుకుంటారు. మీ గడప ముందు వద్దన్నదాన్ని వాళ్ల గడప ముందు వదలాలా? పైగా, తెలియని చోట వదిలిన పాముకు దాక్కునే కన్నం తెలియదు, ఎలుకలెక్కడో తెలియదు. దారి వెతుక్కుంటూ దూరదూరం తిరుగుతుంది, ఎండలో పడుతుంది, రోడ్డు మీదికి వస్తుంది. కర్ణాటకలోని ఆగుంబెలో రేడియో పరికరం పెట్టి చూసినప్పుడు, తెచ్చి దూరంగా వదిలిన రాచనాగు ఇలాగే ఆగకుండా నడిచింది. పట్టడం సగం పనే. ఎక్కడ వదలాలో తేల్చుకోవడానికి ఇంతకంటే ఎక్కువ ఓపిక కావాలి. 1972 వన్యప్రాణి చట్టం కింద పాముకు రక్షణ ఉంది గనుక అతను అటవీ సిబ్బందికి ఫోన్‌లో చెప్పి, వదలబోయే చోటు కూడా చెప్పాడు. ఊరి చివర వాగు, దాని అవతలి గట్టున పుట్టలూ బండలూ. పొలాలకు పోయే బాట అటు లేదు.

పెద్దాయన ఒప్పుకోలేదు. "మల్లా వస్తే?"

"పాము వచ్చింది మీకోసం కాదు, మూటల కింద ఎలుకల కోసం. ఎలుకలున్నన్నాళ్లూ ఇది కాకపోతే ఇంకోటి వస్తది. అక్కా, మూటలు గోడకు జానెడు ఎడంగా, చెక్క మీద పెట్టుకో. పిల్లోళ్లను మంచం మీద పడుకోబెట్టు. దోమతెర కట్టి అంచులు పరుపు కిందికి దోపు."

"మంచం ఒకటే ఉందన్నా."

"అయితే నేల మీదే తెర కట్టు. అంచులు చాప కిందికి మడువు. నేపాల్ పల్లెల్లో అట్లనే కాటు తగ్గిందంట."

ఆమె పెద్దాయన వైపు చూడలేదు. పక్కింటి ఆమెను కేకేసి, ఇద్దరూ కలిసి మొదటి మూట గోడ నుంచి లాగడం మొదలుపెట్టారు. అతను పెట్టె తీసుకుని వాగు వైపు కదిలాడు. మీరు టార్చితో ముందు నడవాలి.