ఆబాను నుండి మార్చి దాకా: మన బడుల సొమ్ము, దాని గడువుల చరిత్ర

ప్రతి ఏటా మన సంచికలో చదువు గురించి ఒక వ్యాసము ఉండటము ఆనవాయితీ. చదువు ఎంత అవసరమో పాఠక మహాశయులకు మళ్ళీ చెప్పవలసిన పని లేదు. అందుచేత ఈసారి మేము చదువుకు వచ్చే సర్కారు సొమ్మును గురించి, ఆ సొమ్ముకు పెట్టిన గడువును గురించి నాలుగు మాటలు మనవి చేయదలచినాము. ఇది కచేరీ గుమాస్తాల విషయము కదా, మనకెందుకు అని ఎవరైనా అనుకోవచ్చును. కానీ మన బడి పైకప్పు కురిసేదీ, మన పిల్లవాడి స్కాలర్‌షిప్ ఆగిపోయేదీ చాలాసార్లు అక్కడే. సొమ్ము మంజూరు కాకపోవడము ఒక బాధ. మంజూరైన సొమ్ము మురిగిపోవడము అంతకంటె పెద్ద బాధ.

నిజాము కాలములో మన ప్రాంతము ఎల్గందల్ జిల్లాలో ఉండేది. 1905లో జిల్లా కేంద్రము కరీంనగరుకు మారినది. ఆ రోజుల్లో భూమిశిస్తు మీద రూపాయికి ఒక అణా చొప్పున లోకల్ ఫండు పన్ను వసూలు చేసేవారు. రోడ్లకు, బడులకు, దవాఖానాలకు అందులోనుంచి ఖర్చు పెట్టేవారు. అంటే రైతు కట్టిన శిస్తుతోపాటే ఊరి బడికి రావలసిన సొమ్ము కూడా సర్కారు ఖజానాకు చేరేది. అది తిరిగి ఊరికి ఎంత వచ్చినది అనేది వేరే సంగతి.

అప్పటి లెక్కల సంవత్సరము ఫసలీ సంవత్సరము. అది ఆజూరు నెలతో, అంటే అక్టోబరు మొదటి వారములో మొదలై, మళ్ళీ ఏడు ఆబాను నెలతో ముగిసేది. వానలు వెనుకబట్టిన తరువాత కొత్త లెక్క తెరిస్తే గోడ కట్టడానికి, కప్పు వేయడానికి ఎండకాలమంతా చేతిలో ఉండేది. దీన్నిబట్టి ఆ కాలములో అంతా సక్రమముగా నడిచినదని మేము అనడము లేదు. కచేరీ భాష ఉర్దూ, పెద్ద చదువుల భాష ఉర్దూ. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు సర్కారు బడిలో దారి ఇరుకుగా ఉండేది. ఊరివాళ్ళు సొంతముగా ఖాంగీ బడి పెట్టుకోవాలన్నా ముందుగా అనుమతి కావలసి ఉండేది. ఈ నిబంధనలు తొలగించాలని ఆంధ్రమహాసభ గట్టిగా కోరినది. ఆ మహాసభ 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదలై, 1935లో మాడపాటి హనుమంతరావు గారి అధ్యక్షతన మన ఉమ్మడి జిల్లాలోని సిరిసిల్లలో కూడా జరిగినది. ఆ కోరిక న్యాయమైనదే. కచేరీ భాష రాని బీదవాడు తన హక్కును తాను అడుగలేడు. ఆ మాట ఆనాడు తెలుగు పిల్లలకు వర్తించినది. ఈనాడు కంప్యూటరు దరఖాస్తు ముందు నిలబడిన ఏ కులము, ఏ మతము బీద తల్లిదండ్రులకైనా అంతే వర్తిస్తుంది.

బ్రిటిషు వారి ఇలాకాలో 1867 నుండి లెక్కల సంవత్సరము ఏప్రిల్ ఒకటిన మొదలయ్యేది. 1950 ఏప్రిల్ 1న హైదరాబాదు రాష్ట్ర ఆర్థిక వ్యవస్థ భారత ప్రభుత్వ వ్యవస్థలో కలిసినది. అప్పటినుండి మనకు కూడా ఆబాను పోయి మార్చి వచ్చినది. శాసనసభ గాని, పార్లమెంటు గాని ఒక సంవత్సరానికే ఖర్చుకు అనుమతి ఇస్తాయి. ఆ ఏట ఖర్చు కాని సొమ్ము మార్చి 31 రాత్రికి మురిగిపోతుంది. ప్రజల సొమ్మును అధికారులు ఏళ్ళ తరబడి తమ చేతిలో ఉంచుకోకూడదనేది ఈ నియమము వెనుక ఉన్న మంచి ఉద్దేశము. ఆ ఉద్దేశాన్ని మేము కాదనము. అయితే ఈ తేదీ మన దేశపు వానలకు, పంటలకు సరిపోదని 1985లో ఎల్.కె. ఝా సంఘము చెప్పి, జనవరి నుండి డిసెంబరు వరకు లెక్క పెట్టుకొమ్మని సిఫారసు చేసినది. ప్రభుత్వము దాన్ని ఒప్పుకోలేదు.

బడి లెక్కకు, సొమ్ము లెక్కకు పొత్తు కుదరని సంగతి కొంచెము విప్పి చూద్దాము. సొమ్ము సంవత్సరము ఏప్రిల్‌లో మొదలవుతుంది, అప్పుడు బడికి సెలవులు దగ్గర పడతాయి. బడి జూనులో తెరుస్తారు, అప్పటికి మొదటి విడత రాదు. చాలా ఏళ్ళలో చివరి విడత సంక్రాంతి దాటిన తరువాతనే చేతికి వస్తుంది. ఇక మార్చిలో ప్రధానోపాధ్యాయునికి పదవ తరగతి పరీక్షల పని. అదే నెలలో సున్నము వేయించాలి, బల్లలు కొనాలి, రసీదులు కూర్చాలి, ఖర్చు పెట్టినట్టు వినియోగ పత్రము పంపాలి. ఆ పత్రము వెళ్ళకపోతే తరువాతి విడతకు అడ్డు తగులుతుంది. ఇచ్చేవారు ఆలస్యము చేస్తే ఎవరూ అడుగరు. పుచ్చుకునేవారు ఒక్క రోజు ఆలస్యమైతే మాత్రము పోయినట్టే. మా ఫిర్యాదు అంతా ఈ ఒక్క మాటలో ఉన్నది.

స్థానిక సంస్థలకు, బడులకు ఉన్న బంధము కూడా ఇక్కడే గుర్తు చేసుకోవాలి. 1959లో పంచాయతీరాజ్ వచ్చినప్పుడు ప్రాథమిక పాఠశాలలు పంచాయతీ సమితుల కిందికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల కిందికి వచ్చినవి. 1986లో సమితులు పోయి మండలాలు వచ్చినవి. ఈనాటికీ మన బడుల బోర్డుల మీద మండల పరిషత్ అనీ, జిల్లా పరిషత్ అనీ ఉండటము అందుకే. బోర్డు స్థానిక సంస్థది, జీతము రాష్ట్రానిది, పథకము చాలామటుకు కేంద్రానిది. ముగ్గురి చేతులు తిరిగి రావలసిన సొమ్ము కనుక, ఏ ఒక్క చేయి ఆగినా బడి ఆగవలసినదే.

ఈ విషయములో మంథనికి ఒక ప్రత్యేకత ఉన్నది. 1957 నుండి 1977 వరకు శాసనసభలో మన నియోజకవర్గానికి ప్రతినిధిగా ఉన్న పి.వి. నరసింహారావు గారు రాష్ట్ర విద్యాశాఖ మంత్రిగా, తరువాత ముఖ్యమంత్రిగా పనిచేసినారు. ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న 1971లోనే నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల మొదలైనది. 1985లో కేంద్రములో మానవ వనరుల మంత్రి అయినారు. 1986 జాతీయ విద్యావిధానము, నవోదయ విద్యాలయాలు, బడికి కనీసము రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, బోధన సామగ్రి ఉండాలనే నల్లబల్ల పథకము ఆయన హయాములో వచ్చినవే. మన ఉమ్మడి జిల్లాలోని చొప్పదండి నవోదయ ఆ విధానము ఫలమే. ఆలోచనకు మన దగ్గర ఎన్నడూ కరువు లేదు. కరువంతా ఆ ఆలోచన సొమ్మై, వేళకు ఊరి బడికి చేరడములోనే.

తరువాత 2001లో సర్వశిక్షా అభియాన్, 2018లో సమగ్ర శిక్ష వచ్చినవి. సమగ్ర శిక్షలో కేంద్రము 60, రాష్ట్రము 40 పాళ్ళు. ఆ లెక్కలో 30 మందికి పైబడి 100 మంది లోపు పిల్లలున్న బడికి ఏటా 25,000 రూపాయలు, 100 దాటి 250 వరకు ఉంటే 50,000 రూపాయలు పాఠశాల గ్రాంటుగా నిర్ణయించినారు. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, మరమ్మతు, పరిశుభ్రత అన్నీ అందులోనే. 2022 మార్చిలో మన రాష్ట్ర ప్రభుత్వము మన ఊరు - మన బడి అని 26,065 బడులకు 7,289 కోట్ల రూపాయలతో కార్యక్రమము ప్రారంభించినది. మొదటి విడతకు 9,123 బడులను ఎంచినారు. 2024లో బడి మరమ్మతుల పని అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల పేరున మహిళా సంఘాలకు అప్పగించినారు. పేర్లు మారినా ఊరివాళ్ళు అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: మా బడికి ఎంత వచ్చినది, ఎప్పటిలోగా ఖర్చు కావాలి?

గడువు ఎంత బలమైనదో ఈ మధ్యనే రాష్ట్రమంతా చూసినది. గ్రామపంచాయతీ సర్పంచుల పదవీకాలము 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసినది. అయిదేళ్ళు నిండకముందే ఎన్నిక జరగాలని రాజ్యాంగము చెప్పినా జరగలేదు. ఎన్నికైన పాలకవర్గము లేని పంచాయతీకి 15వ ఆర్థిక సంఘము గ్రాంటు ఇవ్వరు. ఆ సంఘము కాలము 2026 మార్చి 31 వరకే. సుమారు 3,000 కోట్ల రూపాయలు మురిగిపోతాయనే మాట వచ్చిన తరువాత 2025 నవంబరులో ప్రభుత్వము నిర్ణయము తీసుకొని, డిసెంబరు 11, 14, 17 తేదీలలో పంచాయతీ ఎన్నికలు జరిపినది. దాదాపు రెండేళ్ళపాటు మోరీకి, మంచినీళ్ళకు ఊరు ఎవరిని అడగాలో తెలియక ప్రత్యేకాధికారి కోసము చూడవలసి వచ్చినది. రాజ్యాంగము చెప్పినా కదలనిది మార్చి 31 చెప్పగా కదిలినదన్నమాట.

ఇక మన పిల్లల సంగతి. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చిన తరువాత 2008లో అల్పసంఖ్యాకుల పిల్లలకు పదవ తరగతి వరకు స్కాలర్‌షిప్ పెట్టినారు. ఇంటినుండి బడికి వెళ్ళే చిన్న తరగతుల పిల్లలకు నెలకు 100 రూపాయల చొప్పున పది నెలలు. పెద్ద సొమ్మేమీ కాదు, కానీ నోటుబుక్కులకు, చెప్పులకు ఆదుకొనేది. 2022లో దాన్ని 9, 10 తరగతులకే పరిమితము చేసినారు. 2023లో కేంద్ర మంత్రిత్వశాఖ తన విచారణలో 830 సంస్థలు బోగస్ అని, 144 కోట్ల రూపాయలకు పైగా నష్టము జరిగిందని చెప్పి సి.బి.ఐ.కి ఫిర్యాదు చేసినది. దొంగలను పట్టవలసినదే. కానీ దొంగల మూలముగా పెరిగిన పరిశీలన బరువు నిజమైన బీద పిల్లల మీద పడకూడదు.

మేము స్వయముగా చూసిన ఒక సంగతి చెబుతాము. ఒక ఏడు ఒక బడిలో పిల్లలందరూ గడువులోగానే దరఖాస్తు పెట్టినారు. ఆదాయపు సర్టిఫికెట్లకు తల్లులు కూలి మానుకొని తిరిగినారు. కానీ బడి తరఫున ధ్రువీకరించవలసిన పంతులు గారు బదిలీ మీద వెళ్ళినారు, కంప్యూటరు తాళపుమాట ఆయన దగ్గరే ఉండిపోయినది. ఆయన ఫోనుకు దొరికేసరికి తేదీ దాటినది. ఎవరిదీ దురుద్దేశము కాదు. అయినా ఒక్క పిల్లవాడికి కూడా పైసా రాలేదు. పిల్లవాడి గడువు వేరు, బడి గడువు వేరు, జిల్లా గడువు వేరు అని మాకు ఆనాడు తెలిసినది. మొదటిది దాటామని సంబరపడితే చాలదు.

కాబట్టి మా మనవి ఇది. ఒకటి, ప్రతి మొహల్లాలో ఒక తేదీల రిజిస్టరు పెట్టుకుందాము. బడులు తెరిచిన జూనులోనే ఆదాయపు సర్టిఫికెట్లు, ఆధారు, బ్యాంకు ఖాతా సరిచూసుకుందాము. రెండు, విద్యాహక్కు చట్టము ప్రకారము బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగము మంది స్త్రీలు ఉండాలి. లెక్కల సంవత్సరము ముగియడానికి మూడు నెలల ముందే కమిటీ బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలని 2010 నాటి కేంద్ర నియమాలు చెబుతున్నవి. అంటే మనము గుర్తు పెట్టుకోవలసిన తేదీ మార్చి 31 కాదు, డిసెంబరు 31. మూడు, ఈ సాయము మన పిల్లలకే అని గిరి గీయవద్దు. పక్కింటి చాకలివారి పిల్లవాడి దరఖాస్తు కూడా మన చేతనే నింపిద్దాము. బడి ఒక్కటే అయినప్పుడు గడువు కూడా ఒక్కటే.

సర్కారుకు కూడా ఒక మాట. గడువు న్యాయము కావాలంటే ఇద్దరికీ ఉండాలి. విడత విడుదలకు కూడా ఒక తేదీ పెట్టి, ఆ తేదీ దాటితే ఎన్ని రోజులు దాటినదో అన్ని రోజులు బడికి గడువు పెంచాలి. ఇది భిక్ష కాదు. ఆనాడు రైతు రూపాయికి అణా చొప్పున కట్టినాడు. ఈనాడు మనమందరము కొన్న వస్తువుల మీద పన్ను కడుతున్నాము. కట్టేటప్పుడు మనకు ఎవరూ గడువు సడలించలేదు.