తేరుకొయ్యల చరిత్ర

చరిత్ర అనగానే మనం రాతి శాసనాల దగ్గరికి పరుగెత్తుతాం. శాసనంలో దానమిచ్చిన దొర పేరుంటుంది. రాయి మోసినవాడి పేరుండదు. ఈ లోటు కొంతైనా తీర్చగల ఆధారాలు మన పల్లెల్లోనే, రేకుల కొట్టాల కింద చెదలు పట్టి ఉన్నాయి. అవి పాత కొయ్య రథాలు. భక్తుల వ్యవహారమని అభ్యుదయవాదులం వాటిని వదిలేశాం. అది పొరపాటని నాకు పలమనేరు ప్రాంతంలో తెలిసివచ్చింది.

మొగిలి కనుమ ఎక్కి పలమనేరు చేరితే తెలుగులో కన్నడమూ అరవమూ కలిసి వినిపించే పీఠభూమి. అక్కడ ఒక పల్లెలో పాత తేరు చూడబోయాను. పై అంతస్తులు ఏటేటా వెదుళ్లతో, గుడ్డలతో కట్టేవే గనుక అవి లేవు. మిగిలింది అడుగుభాగం: ఇరుసులు, చక్రాలు, వాటిపై వరసలుగా చెక్కిన పలకలు. వెలుపల, మరమ్మతుకు చందా ఇచ్చిన పెద్దమనిషి పేరు రంగుతో రాసి ఉంది. వంగి లోపలికి చూస్తే దుంగల మీద ఉలితో కొట్టిన గీతలు: ఒకచోట రెండు, ఒకచోట మూడు, ఒకచోట అడ్డగీత. వెంట వచ్చిన ముసలి వడ్రంగిని అడిగాను.

“అవి పేర్లు గాదు అయివారూ. ఏ కొయ్య యాడ కూసోవాలో చెప్పే గుర్తులు. విప్పితే మళ్లా కూర్చాల గదా?” అన్నాడు.

ఆ మాటలో ఒక శాస్త్రముంది. గుడి కదలదు, తేరు కదలాలి. ఎత్తుపల్లాల వీధిలో ఊగుతూ పోయే బరువును మేకులతోనే బిగిస్తే అవి సడలుతాయి. అందుకే ఒక దుంగ నాలుకను మరో దుంగ బెజ్జంలో దూర్చి కొయ్యచీలతో బిగిస్తారు. కుదుపుకు కొయ్య సర్దుకుంటుంది గాని విరగదు.

మరి ఆ బరువును లాగినదెవరు? అందరూ భక్తితోనే మోకు పట్టలేదు. 19వ శతాబ్దం తొలి దశకాల్లో మద్రాసు రాజధానిలో తేరు లాగడానికి సర్కారు అధికారులే మనుషుల్ని తోలించేవారు. దేవాలయాల వ్యవహారాల్లో కుంపిణీ జోక్యాన్ని వ్యతిరేకిస్తూ 1836లో మద్రాసులో కొందరు ఐరోపావారు అర్జీ పెట్టుకున్నారు. వారి పట్టుదల తమ మతం కోసమే కావచ్చు. వెట్టి మాత్రం నిజం. తేరును చూసి మురిసే మనం ఆ వెట్టిని మరచిపోరాదు. వెట్టిని తలచుకొని ఆ పనితనాన్ని తోసిపుచ్చనూ రాదు.

ఇటువంటి తోసిపుచ్చడం మన పక్షంవారే ఒకచోట చేశారు. లిథువేనియా పల్లె చర్చిల్లో స్థానిక పనివారు కొయ్యతో పీఠాలు చెక్కి, పాలరాయిలా కనిపించేట్టు రంగులు వేసేవారు. ఆ దేశంలో షౌలై పట్టణం దగ్గర శిలువల గుట్ట ఉంది. 1961లో సోవియట్ ప్రభుత్వం అక్కడి శిలువలను కూల్చివేయించింది. జనం మళ్లీ నాటారు. అక్కడి శిలువలు చెక్కే విద్యను 2001లో యునెస్కో మానవాళి వారసత్వంగా ప్రకటించింది. కొయ్యను కాల్చినంత మాత్రాన మూఢత్వం కాలిపోదు. చెక్కిన చేతి సాక్ష్యం మాత్రం బూడిదవుతుంది.

మన అంతర్వేది సంగతీ అంతే. 2020 సెప్టెంబరులో అక్కడి రథం కాలిపోయింది. కొద్ది నెలల్లోనే, 2021 ఫిబ్రవరి ఉత్సవానికి, కొత్త రథం సిద్ధమయింది. దేవుడికి వాహనం దొరికింది. పాత రథం మీది ఉలి జాడలు చరిత్రకు మళ్లీ దొరకవు.

కాబట్టి విద్యార్థి మిత్రులకు, ఉపాధ్యాయులకు నా మనవి ఒకటే. మీ ఊరి తేరును కొలవండి. పలకలను ఫోటో తీయండి. లోపలి గుర్తులను కాగితం మీద ఎక్కించండి. ఏ కొయ్య, ఎవరు కోశారు, ఎవరు చెక్కారు, ఎవరు లాగారు, ఎవరిని మోకు ముట్టనివ్వలేదు అని ముసలివారిని అడగండి. ఏర్పేడు దగ్గరి మాధవమాలలో కొయ్య చెక్కే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. వారిని గురువులుగా ఎంచి వినండి.

చందా ఇచ్చినవాడి పేరు మీద ఏటేటా కొత్త రంగు పడుతుంది. లోపలి గీతలకు ఆ భాగ్యం లేదు. వాటిని చదవవలసినవాళ్లం మనమే.