పొగ బలమా, వేడిమి బలమా?

చలికాలపు తెల్లవారుజామున ఆదిలాబాదు పల్లెలలో పొయ్యినుండి లేచిన పొగ కొంత యెత్తు పోయి, పిమ్మట పైకి సాగక, ఇండ్ల కప్పులపై పఱచుకొని నిలుచుట మన గృహిణు లెఱుగనిది కాదు. వెచ్చగా నున్నంతవఱకే దాని ప్రయాణము. పొగకు స్వయముగా ఎగురు శక్తి యున్నచో అది యేల నిలిచిపోవలెను?

ఈ ప్రశ్న ఫ్రాన్సు దేశపు మాంగొల్ఫియే సోదరులకు తోచలేదు. కాగితపు పరిశ్రమవారగు వీరు 1783 జూన్ 4వ తేదీన ఆనొనే పట్టణమున గుడ్డతోను కాగితముతోను చేసిన పెద్ద సంచి క్రింద మంట పెట్టి దానిని ఆకాశమున కెక్కించిరి. పొగయందే తేలిక గుణము కలదని వారి నమ్మకము. అందుచే తడి గడ్డిని, ఉన్నిని కాల్చి దట్టమైన పొగ పుట్టించెడివారు. పని నెఱవేఱినది, కారణము మాత్రము తప్పు. ఫలము దక్కినది గావున నమ్మకమును నిజమే యనుకొనుట మన యిండ్లలోను లేకపోలేదు.

ఆ యేడే ఆగస్టు 27న షార్లు అను శాస్త్రజ్ఞుడు పారిసులో హైడ్రోజను నింపిన బెలూనును వదలెను. అది గొనెస్ గ్రామమున పడగా జనులు భూతమని బెదరి పంగలకఱ్ఱలతో చీల్చివేసిరి. ప్రజల భయము తీర్చుటకు ప్రభుత్వము ప్రకటన చేయవలసివచ్చెను. ఆ షార్లే 1787 ప్రాంతమున వాయువులు వేడిచే వ్యాకోచించు తీరును పరీక్షించెను గాని అచ్చు వేయలేదు. 1802లో గేలుసాక్ తన ఫలితములను ప్రకటించుచు, షార్లు ముందే కనుగొనెనని చెప్పెను. ఎంతటి నిజాయితీ!

లెక్క సులభము. సముద్రమట్టపు ఒత్తిడిలో, 27 డిగ్రీల వద్ద ఒక ఘనమీటరు గాలి సుమారు 1.18 కిలోలు తూగును. సంచిలోని గాలిని 100 డిగ్రీలకు కాచినచో అది విస్తరించి కొంత వెలికి పోగా, అంతే చోట 0.95 కిలో మాత్రమే మిగులును. ఆ 230 గ్రాముల భేదమే ఎత్తుబలము. వెలుపల 45 డిగ్రీల రామగుండపు మే మధ్యాహ్నమైనచో అది 160 గ్రాములకు దిగును; 7 డిగ్రీల ఆదిలాబాదు జనవరి ఉదయమున 310 గ్రాములగును. కావున బలము వేడిమిదియును గాదు, లోపలి వెలుపలి వ్యత్యాసముది. ఎండ మండుచుండగా బెలూను చులుకనగా లేచునని తలచువారు ఈ యంకెలను చూతురు గాక.

హైడ్రోజనైనచో ఘనమీటరుకు 1.1 కిలోల బలము. హైదరాబాదునందలి టాటా మౌలిక పరిశోధన సంస్థవారి కేంద్రమునుండి పలుచని ప్లాస్టికు బెలూనులు హైడ్రోజనుతోనే 30 కిలోమీటర్లకు మించి యెగసి, శాస్త్రసాధనములను పారాచూటుతో దింపుచున్నవి. అవి దిగదగిన తావులుగా ఆ సంస్థ ప్రకటనలలో కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాల పేర్లును కానవచ్చినవి. 2022 డిసెంబరు 7న వికారాబాదు జిల్లా మొగిలిగుండ్లలో అట్టి పెద్ద పేటిక యొకటి పొలమున దిగగా జనులు గుమిగూడిరి. అన్యలోకపు వాహనమేమో యని శంకించిన వారును గలరు. అయినను అచట గొనెస్ గతి పట్టలేదు. ఆ ప్రకటనలలో వస్తువును ముట్టక, విప్పక, దగ్గఱి పోలీసు ఠాణాకు తెలుపుడనియు, చూచి తెలిపినవారికి తగిన బహుమాన మిత్తుమనియు, చెడగొట్టినచో బహుమానము లేదనియు వ్రాయబడి యుండును.