మేనమామ బాణీ, మేనల్లుడి దారి



“ఊరి నీళ్ళు అలాంటివి మాస్టారూ, మావాడేం చేస్తాడు?” అన్నారొక తండ్రి నాతో. నాకు వెంటనే బళ్ళారి రాఘవ గారు గుర్తుకొచ్చారు.

1880లో తాడిపత్రిలో పుట్టిన రాఘవ గారికి పరిసరాలు ఏమీ తక్కువ చెయ్యలేదు. మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు ఆంధ్ర నాటక పితామహులు. బళ్ళారిలో సరసవినోదినీ సభ ఆయన పెట్టిందే. అదే ఊళ్ళో కోలాచలం శ్రీనివాసరావు గారు చారిత్రక నాటకాలు రాస్తున్నారు. ఇద్దరూ వకీళ్ళే. మేనల్లుడూ వకీలయ్యారు, నటుడయ్యారు. తెలుగులోనూ కన్నడంలోనూ వేషం కట్టారు. ఇంతవరకు ఊరి చలవే అనుకుందాం.

అయితే ఆ ఇంటి నాటకం పాటల నాటకం. నాటకాల్లో పాటలు పెట్టి జనాన్ని రంజింపజేసినవారు ధర్మవరం వారు. పద్యానికి ‘వన్స్ మోర్’ కొట్టే రోజులవి. ఆ రోజుల్లో రాఘవ గారు రాగాలాపన తగ్గించి, మాటకూ హావభావాలకూ పెద్దపీట వేశారు. మగవాళ్ళే ఆడవేషం కట్టే కాలంలో, స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని పట్టుబట్టి, చదువుకున్న ఆడవాళ్ళను రంగస్థలం మీదికి తెచ్చారు. ఇది పరిసరం నేర్పింది కాదు, వద్దన్నది. నిజమే, కాదనడానికైనా మేనమామ వేసిన రంగస్థలం ఉండాలి కదా!

రాఘవ గారు 1946లో కన్నుమూశారు. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది.

ఆ తండ్రికి ఇదంతా చెప్పాను. “ఆయనకు అలాంటి మేనమామ ఉన్నాడండీ” అన్నారు.

ఉన్నారు. ఆ మేనమామ బాణీనే రాఘవ గారు పట్టుకోలేదు.